మొదలంటా కోసిన పాలకూర

పాలకూరను జొన్న కోసినట్టు కోసిన మనిషిని ఎక్కడైనా చూశారా? కురుమయ్య కోశాడు. అరవై రెండేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి, పెబ్బేరు సంతలో ఎద్దు నోరు తెరవకుండానే దాని వయసు చెప్పగల మనిషి. తెల్లవారుతూనే మడిలో గొంతుక్కూర్చుని, పిడికెడు పిడికెడు పట్టి, నేలకు ఆనించి కొడవలి లాగాడు. ఒక మడి ముగిసేసరికి నేల గుండు కొట్టించుకున్నట్టు అయింది. ఇంతేనా, దీనికా ఇంత రంధి పడ్డాను అని లోపల సంతోషపడ్డాడు కూడా, పిచ్చిమారాజు.

పాలకూర కోసే తీరు వేరు. నేల నుంచి రెండు వేళ్ళ ఎత్తు వదిలిపెట్టాలి. నడిమి చిగురును తాకకూడదు. అట్లా కోస్తే పది పన్నెండు రోజులకు మళ్ళీ వస్తుంది, మళ్ళీ కోస్తే మళ్ళీ వస్తుంది, ఒక్కసారి విత్తితే నాలుగు కోతలు. ఆ ఊళ్ళో ఏ ఆడమనిషిని అడిగినా ఈ సంగతి చెప్పేది. అడగాలి కదా! కూరమళ్ళ వైపు ఆయన ఏనాడైనా తొంగి చూస్తేగా. "ఆడోళ్ల మడి" అని నవ్వేవాడు. జొన్న, కంది, పల్లి, అవీ పంటలంటే. ఆకులు కూడా ఒక పంటేనా? ఆ మళ్ళన్నీ ఆయన భార్య కిష్టమ్మ చేతికింద ఉండేవి.

కిష్టమ్మ చైత్రంలో పోయింది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. పిల్లలు లేరు. పదకొండో దినం చుట్టాలు వచ్చారు, తిన్నారు, పోయారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ ఆమె పేరెత్తలేదు. ఎత్తితే కురుమయ్య బాధపడతాడని వాళ్ళ భయం. ఎత్తకపోవడమే తన బాధ అని చెప్పడం ఆయనకు చేతకాలేదు. కనిపించినవాళ్ళంతా వానలు ఎట్లున్నాయి, పత్తి పెడతావా అని అడిగి తమ దారిన తాము పోయేవారు.

వనపర్తిలో మాత్రం కిష్టమ్మ బతికే ఉంది. అదెట్లాగంటారా, చెప్తాను.

మూడేళ్ళ కింద వనపర్తిలో శైలజ అనే టీచరమ్మ ముప్పై ఇళ్ళవాళ్ళను కూడగట్టింది. బజారు కూరలో మందు వాసనే తప్ప కూర వాసన లేదు, మనమే ఒక రైతును పట్టుకుందాం, విత్తకముందే మాటిద్దాం, ఆ రైతు ఏది పండిస్తే అది తిందాం, వాన దంచి పాడైతే ఆ నష్టం కూడా తలాకొంచెం మోద్దాం అంది. ఆ రైతు కిష్టమ్మ. ప్రతి ఆదివారం పొద్దున ముప్పై గుడ్డసంచులు ఆటోలో పోయేవి. ఆ ఇళ్ళకూ కిష్టమ్మకూ కలిపి ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. కిష్టమ్మకు అక్షరం ముక్క రాదు, అందుకని నోటిమాటనే పంపేది. "అమ్మా, గంగవాయిలి కూర పప్పుల ఎయ్యాల్నా, ఉట్టిగ వండాల్నా?" అని అటునుంచి అడిగితే, ఈమె మడిలో కూర్చునే జవాబు చెప్పి, నవ్వి, మళ్ళీ కలుపు తీసుకునేది. మూడేళ్ళలో ఆ ముప్పై ఇళ్ళలో ఒక్కరు కూడా ఆమె ముఖం చూడలేదు.

ఎండాకాలం మూడు నెలలు సంచి బంద్. సరిగ్గా ఆ బందులోనే ఆమె పోయింది. మృగశిర కార్తెలో రెండు వానలు పడగానే శైలజ టీచరు కిష్టమ్మ ఫోనుకు ఫోన్ చేసింది. కురుమయ్య ఎత్తాడు.

"కిష్టమ్మ లేదా?" అంది ఆమె.

"పొలం కాడుంది" అన్నాడు.

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఆ మాట నోట్లోంచి జారిపోయింది, అంతే.

"ఇత్తనాలు ఏసిన్రా? అందరు అడుగుతున్నరు."

"ఏస్తున్నం."

ఫోను పెట్టేశాక కాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాడు. చెప్తే వాళ్ళు మానేస్తారు, ఆమెను నమ్మినవాళ్ళు నన్నెందుకు నమ్ముతారు, మొదటి సంచి పోయినాక చెప్దాం అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అది సాకు. అసలు సంగతి, కిష్టమ్మ లేదా అని ఆ టీచరు ఎంత మామూలుగా అడిగింది! పక్కింటికి పోయిన మనిషి గురించి అడిగినట్టు అడిగింది. అట్లా అడిగే నోరు ఊళ్ళో ఒక్కటీ లేదు. పోగొట్టుకోబుద్ధి కాలేదు.

అట్లా ఆషాఢంలో మొదటి కోత వచ్చింది. పాలకూర అయిందా, ఇక కట్టలు కట్టాలి. కిష్టమ్మ పుంటినారను, అదే గోగునారను, నీళ్ళలో నానబెట్టి, ఒక్క చుట్టు చుట్టి, వేలు దూరేంత వదులుగా ముడేసేది. కురుమయ్య ఏం చేశాడనుకున్నారు? జొన్న కట్ట కట్టినట్టు, మోకాలు ఆనించి బిగించాడు! లేత ఆకు పాపం, మూలుగు ఒక్కటే తక్కువ.

ఏడు గంటలకు షాకీర్ ఆటో వచ్చింది. వనపర్తి నుంచి ఖాళీ సంచులు తెచ్చి, నిండు సంచులు తీసుకుపోయేది అతనే. ముప్పై ఏళ్ళవాడు, కిష్టమ్మ మట్టికి వచ్చి పిడికెడు మన్ను వేసిపోయినవాడు. కట్టలు చూసి నుదురు కొట్టుకున్నాడు.

"కాకా, గిదేంది? కూర కట్టినవా, సొప్ప కట్టినవా?"

"నీ పని నువ్వు జూస్కో."

"వాళ్ళకు చెప్పినవా?"

"చెప్త."

"ఎప్పుడు చెప్తవ్? కిష్టమ్మ బాగుందా అని నన్ను అడుగుతున్నరు. నేనేం చెప్పాలె?"

"బాగుందను."

షాకీర్ ఆటో తాళం తిప్పబోయి ఆగాడు. "నాతోని గిసొంటి అబద్ధాలు ఆడియ్యకు కాకా" అన్నాడు. కురుమయ్య సంచులు ఎక్కించసాగాడు.

మధ్యాహ్నానికి కిష్టమ్మ ఫోను మోగడం మొదలైంది. అమ్మా ఆకు నలిగింది, అమ్మా మట్టి ఎక్కువుంది, అమ్మా పానం మంచిగుందా. కురుమయ్య ఒక్కొక్కటే నొక్కి విన్నాడు. చాలావరకు వంకలే, అయినా ప్రతిదాంట్లో మొదట "అమ్మా" ఉంది. ఆయనకు ఆ మాటే చెవిలో పడింది.

గ్రూపులోకి కాకుండా కిష్టమ్మకు ఒక్కదానికే వచ్చిన మాట ఇంకొకటి ఉంది.

"కిష్టమ్మా, నేను కుల్సుమ్‌బీని. ఏందమ్మా, పాలకూర మొదలంట కోసినవ్? నీ చేతికేమన్న అయ్యిందా? ఎన్నిసార్లు మాట్లాడినా పలుకవు. ఇన్నట్టు నీలం గీతలు పడ్తయి, జవాబు మాత్రం రాదు. నా మీద కోపమా?"

నీలం గీతలు పడుతున్నాయంటే పడవా మరి? చైత్రం నుంచీ ఆమె మాటలన్నీ కురుమయ్య వింటూనే ఉన్నాడు.

కుల్సుమ్‌బీ వనపర్తిలో ముసలామె. భర్త బాబు మియా పోయి రెండేళ్ళు. ఆమెకూ కిష్టమ్మకూ కూర దగ్గర మొదలైన మాటలు మోకాళ్ళ నొప్పుల మీదుగా కడుపులో మాటల దాకా పోయాయి. మిగతావాళ్ళు ఎండాకాలం ఊరుకున్నారు గానీ ఈమె ఊరుకోలేదు. రెండు రోజులకొకసారి మాట్లాడేది. ఒకనాడు ఇట్లా అంది:

"మా కోడలుకు నా వంట పడదు, నాకు ఆమె వంట పడదు. మిద్దె మీది రూముల వేరే పొయ్యి పెట్టుకున్న కిష్టమ్మా. ఒక్కదానికోసం పిడికెడు పప్పు ఉడకేస్తే అది గూడ మిగుల్తది. మా ఆయన ఉన్నప్పుడు నేనెన్నడు ఒక్కదాన్నే తినలే. ముద్ద దిగదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తదంటరు, ఇంకెవరికి చెప్పను? నీకే చెప్తున్న. నీ కడుపుల్నే పెట్టుకో."

ఆ మాట విన్నప్పుడు కురుమయ్య పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఇంట్లోనూ కుండ చిన్నదైంది, అందులోనూ మిగులుతోంది, ఆయనకూ ముద్ద దిగడం లేదు. ఈ లోకంలో ఇంకొకరికి కూడా ఇట్లాగే ఉందా అనుకున్నాడు. నాకూ అంతే బీ, అని ఫోనుకు ఎదురుగా పైకే అన్నాడు, నొక్కకుండా. అప్పటినుంచి అన్నం పెట్టుకుని, ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టి, ఆమె పాత మాటలే మళ్ళీ పెట్టుకుని వింటూ తినడం అలవాటు చేసుకున్నాడు. తప్పని తెలియదా? తెలుసు. పరాయి ఆడమనిషి గుట్టు, అదీ తనకు చెప్పింది కాదు. కానీ చెప్పేస్తే ఆ గొంతు ఆగిపోతుంది. అదొక్కటే భయం.

రెండో ఆదివారానికి పాలకూర చిగురు కూడా వేయలేదు. నరికిన మొదళ్ళు వానకు నాని కుళ్ళిపోయాయి. ఇత్తులు మంచియి కావని ఆయన విత్తనాల మీదికి నెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! పక్క చేను సత్యమ్మ గట్టు మీద పోతూ చూసి, అయ్యో బావా, రెండు వేళ్ళ ఎత్తు ఇడిశిపెట్టి కొయ్యాలె, అక్క గట్లనే... అని నాలుక కరుచుకుని, గబగబా వెళ్ళిపోయింది. చేతులు కాలినాక ఆకులు పట్టుకుని ఏం లాభం. సంచుల్లో తోటకూర, మెంతికూర మాత్రమే పోయాయి.

ఆ సాయంత్రం గ్రూపులో ఒకాయన అన్నాడు: "కిష్టమ్మ మునుపటి లెక్క లేదు. చెయ్యి పడిపోయింది. ఆకు మంచిగుంటలేదు, మాట గూడ లేదు."

కురుమయ్య ఆ మాట రెండుసార్లు విన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. కిష్టమ్మ చేతికి వంక పెట్టినవాడు ఈ మూడేళ్ళలో లేడు. ఎవడు వీడు అనుకున్నాడు. తర్వాత తట్టింది, అననిచ్చింది తానే. అయినా చెప్పలేదు.

మూడో ఆదివారం మెంతికూర పీకుతున్నాడు. మెంతిని వేర్లతో సహా పీకాలి, అది మాత్రం తెలుసు. ఆటో చప్పుడైంది. తల ఎత్తి చూస్తే షాకీర్ ఒక్కడే లేడు. ఒక ముసలామె, బుర్ఖా ముసుగు వెనక్కి తోసుకుని, బురదకు చెప్పులు ఒక చేతిలో, ఏదో సీసా ఇంకో చేతిలో పట్టుకుని, గట్టు మీద పడుతూ లేస్తూ వస్తోంది. షాకీర్ ఆటో దగ్గరే నిలబడి ముఖం అటు తిప్పుకున్నాడు.

"కురుమయ్యన్నవు నువ్వేనా? నేను కుల్సుమ్‌బీని. కిష్టమ్మ దోస్తును."

ఆమె పేరు చెప్పనక్కర్లేదు. ఆ గొంతును ఆయన ఎక్కడున్నా గుర్తుపడతాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

"యాడుంది ఆమె? చెయ్యి ఇరిగిందా ఏంది? నాకు తెల్సు అన్నా, చెయ్యి మంచిగుంటే కిష్టమ్మ గట్ల కట్టదు, గట్ల కొయ్యదు. ఈ షాకీర్‌ను అడిగితే దారి పొడుగున నోరు ఇప్పలే. నువ్వుల నూనెల ఎల్లిగడ్డ ఏసి కాచిన. రెండు పూటల రుద్దుమను. ఏ చెయ్యి?"

కురుమయ్య సీసా వైపు చూశాడు. కుడి చెయ్యి అందామనే నోరు తెరిచాడు, మీ దగ్గర దాచిపెట్టడం ఎందుకు. చుట్టాలింటికి పోయింది, కుడి చెయ్యి, ఇస్తానులే అంటే సరిపోయేది. ఆమె తిరిగిపోయేది, రేపో ఎల్లుండో మళ్ళీ మాట వచ్చేది. కానీ ఆ ముసలామె అప్పటికే ఆయన భుజం మీదుగా మళ్ళ వైపు చూస్తోంది. ఒక్కో మడి చూస్తోంది, బావి దగ్గర చూస్తోంది, చెట్టు కింద చూస్తోంది. కిష్టమ్మ కోసం వెతుకుతోంది. ఈ మూడు నెలలూ అట్లా వెతికింది తానొక్కడే. ఆ కళ్ళను అట్లా తిరగనివ్వడం కురుమయ్య వల్ల కాలేదు.

"సచ్చిపోయింది" అన్నాడు.

"ఎవరు?"

"కిష్టమ్మ. చైత్రంల."

ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదలు. ఊళ్ళో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు, అందరూ చూసినవాళ్ళే.

కుల్సుమ్‌బీ ఇన్నాలిల్లా అని పోయినామె కోసం సన్నగా గొణిగింది. తర్వాత వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టింది. ముఖం మారిపోయింది.

"మరి నేను మాట్లాడింది ఎవరు ఇన్నరు?"

కురుమయ్య చేతిలోని మెంతికూరకు మట్టి దులపసాగాడు.

"నీలం గీతలు పడ్డయి. ఎవరో ఇన్నరు. ఎవరు ఇన్నరన్నా?"

"నేనే."

"అన్నీ?"

"అన్నీ."

"యా అల్లా! నా పొయ్యి ముచ్చట, నా కోడలు ముచ్చట, నేను ఏడ్సింది... ఒక ఆడమనిషికి చెప్పుకుంటున్న అనుకున్న నేను. పరాయి మొగోడు కూసోని ఇంటున్నడా? నీ పెండ్లాం పోయింది సరే, నన్నెందుకు ఆగం జేసినవ్? సిగ్గు లేదా నీకు?"

"ఉంది" అన్నాడు కురుమయ్య. "తప్పే బీ. నువ్వు మాట్లాడుతుంటే ఆమె యాడికో పోయింది, ఇప్పుడొస్తది అన్నట్టుండె. చెప్తే మల్ల నువ్వు మాట్లాడవు. అందుకే చెప్పలే."

ఆమె ఇంకా ఏదో అనబోయింది. అనలేక గట్టు మీద కూలబడి, చెప్పులు పక్కన పడేసి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. కురుమయ్య దగ్గరికి పోలేడు, దూరంగా పోలేడు. చేతిలో మెంతికూర పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"మూడేండ్లాయె" అందామె కాసేపటికి. "పోదాం పోదాం అనుకుంటనే ఉంటి. మొకమన్న చూడకపోతి. ఎట్లుండెనన్నా?"

"పొట్టిగుండె" అన్నాడు కురుమయ్య. ఇంకేం చెప్పాలో వెతుక్కున్నాడు. నలభై ఏళ్ళు కలిసి బతికిన మనిషిని ఎట్లుండేదని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "చామనఛాయ. నవ్వితే కండ్లు మూసుకునేది. కోపమొస్తే చెంబు నేలకేసి కొట్టేది. రెండు చెంబులు సొట్టలు పడ్డయి."

కుల్సుమ్‌బీ ఏడుపులోనే కొంచెం నవ్వింది. వెంటనే మళ్ళీ బిగుసుకుంది. లేచి, చెప్పులు ఏరుకుని, నూనె సీసా చంకలో పెట్టుకుంది.

"అందరికి చెప్పు."

"చెప్త."

"చెప్త అంటవ్, చెప్పకుండనే మూడు నెలలు జేసినవ్. ఆమె పోయిందే గాక చెయ్యి పడిపోయిందన్న మాట గూడ పడ్తున్నది. గా మాట నీకు మంచిగుందా? ఈడ్నే చెప్పు. నేను ఇంట."

కురుమయ్య చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. ఎన్ని మాటలు విన్నాడో గానీ ఒక్కసారి కూడా నొక్కి మాట్లాడలేదు. ఎక్కడ నొక్కాలో ఆమే చూపించింది. మట్టి బొటనవేలితో అదిమిపట్టి, నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, పొలమంతా వినపడేంత గట్టిగా మాట్లాడాడు.

"అందరికి దండం. నేను కురుమయ్యను, కిష్టమ్మ పెనిమిటిని. కిష్టమ్మ చైత్రంల సచ్చిపోయింది. మీకు చెప్పలే, నాది తప్పు. పాలకూర మొదలంట కోసింది నేను, ఆమె గాదు. ఆమె ఎన్నడు గట్ల కొయ్యలే. కట్టలు నలగ్గొట్టింది గూడ నేనే. ఆమె చేతికి వంక పెట్టకున్రి. పాలకూర మల్ల ఇత్తిన, రెండు వేళ్ళ ఎత్తు ఇడిశి కోస్త. సంచి ఉంచుకుంటరో ఇడిశిపెడ్తరో మీ ఇష్టం."

వేలు తీశాడు. మాట పోయింది. కుల్సుమ్‌బీ తల ఊపి, వచ్చిన గట్టు వెంబడే వెళ్ళిపోయింది. షాకీర్ గబగబా సంచులు ఎక్కించుకున్నాడు. ఆమె సంచుల మధ్య కూర్చుని ముసుగు వేసుకుంది. మళ్ళీ మాట్లాడతాననీ అనలేదు, మాట్లాడననీ అనలేదు. అడిగే ముఖం ఆయనకూ లేదు.

ఆటో మలుపు తిరిగిన కాసేపటికి ఫోను మోగడం మొదలైంది. ఒకటి, రెండు, ఐదు, పది. కురుమయ్య మడి గట్టున కూర్చుని వరసపెట్టి విన్నాడు. అయ్యో కురుమయ్యా, ఎంత పనాయె. పెద్దయ్యా, సంచి బంద్ జెయ్యకు, నువ్వేం పండిస్తే అది తింటం. మొన్న చెయ్యి పడిపోయిందన్నది నేనే కురుమయ్యన్నా, మనసుల పెట్టుకోకు. శైలజ టీచరు మాట్లాడలేక మధ్యలోనే ఆపేసింది. మంచివాళ్ళు, ఒక్కరు కూడా విడిచిపెడతామని అనలేదు. కురుమయ్య చివరిది దాకా విన్నాడు, ఎక్కడైనా అమ్మా అన్న పిలుపు ఉందేమోనని మళ్ళీ మొదటినుంచి విన్నాడు. దినాలనాడు కూడా కంట తడి పెట్టని మనిషి, ఆ ఫోను ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చాడు. వచ్చిన మాటలన్నీ ఆయనకే వచ్చాయి. కిష్టమ్మకు ఒక్కటీ రాలేదు.